వారానికి ఎన్ని రోజులు బండ ఎక్కాలి?

కోవిల్‌పట్టిలో రైలెక్కి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా వెళ్తే కిటికీలోంచి కనిపించేదంతా నల్లరేగడి. పత్తి చేలు, తుమ్మ పొదలు, అక్కడక్కడ అగ్గిపెట్టెల కార్ఖానా కప్పులు. ఈ కరిసల్ నేల మీద కూర్చుని రాక్ క్లైంబింగ్ గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. కానీ బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాలు చేసే మన పిల్లలు కొందరు అక్కడ గోడలెక్కడం మరిగి పండగకి ఇంటికొస్తున్నారు. వచ్చినవాళ్లు ఊరికే కూర్చుంటారా? కళుగుమలై బండ చూస్తారు, ఊళ్లోని కదిరేశన్ కొండ చూస్తారు, చేతులు దురద పెడతాయి. వాళ్లను చూసి ఇక్కడున్న తమ్ముళ్లకూ సరదా పుడుతుంది. అప్పుడు అందరూ అడిగేది ఒకటే. వారానికి ఎన్ని రోజులు ఎక్కాలి?

జవాబు ముందే చెప్పేస్తాను, రేడియో కట్టేసి పనికి వెళ్లాల్సినవాళ్లు వెళ్లవచ్చు. కొత్తవాళ్లకు రెండు రోజులు. రెండింటి మధ్య కనీసం రెండు రాత్రులు గడవాలి. ఏడాది రెండేళ్లు ఏ నొప్పీ లేకుండా ఎక్కినవాళ్లకు మూడు. నాలుగో రోజు అడిగేవాళ్లు సాధారణంగా వయసులో ఉన్నవాళ్లు, వాళ్లకు నేను చెప్పేదేమీ చెవికెక్కదు. అయినా చెబుతాను.

ఇందులో నాకు ఆసక్తి కలిగించేది రెండు, మూడు అనే అంకెలు కావు. మన చుట్టూ ఎక్కడమే బతుకుగా ఉన్నవాళ్లు తరతరాలుగా ఉన్నారు. వాళ్ల లెక్కకూ ఈ లెక్కకూ పొత్తు కుదరదు. అదెందుకో తెలుసుకుంటే మన ప్రశ్నకు అసలు జవాబు దొరుకుతుంది.

పనైయేరుల సంగతి చూడండి. విరుదునగర్, తూత్తుకుడి, తిరునెల్వేలి జిల్లాల్లో తాటిచెట్టు ఎక్కి పదనీరు అనే తీపి తాటినీరు దించేవాళ్లను అలా పిలుస్తారు. మాసి, పంగుని నెలల నుంచి వేసవి పొడుగునా వాళ్లకు సెలవు లేదు. తెల్లవారక ముందు ఒకసారి, సాయంత్రం మరోసారి, ఒక్కో మనిషి పదుల కొద్దీ చెట్లు ఎక్కి దిగుతాడు. సెలవు ఎందుకు లేదంటే, తాటిగెల చివరను రోజూ పలుచగా కోస్తేనే నీరు కారుతుంది. కోత ఆగితే గాయం ఆరిపోతుంది, ధార నిలిచిపోతుంది. లోపల సున్నం పూసిన ముంత దించడం ఆలస్యమైతే పదనీరు పులిసి కల్లవుతుంది. ఇంటి దగ్గర కరుప్పట్టి అనే తాటిబెల్లం కాచే పొయ్యి ఎదురుచూస్తూ ఉంటుంది. ఆదివారమని చెట్టు ఆగదు. తెలంగాణలో గౌడన్నల కథా ఇదే. అక్కడ నడుం చుట్టూ మోకు వేసి ఎక్కుతారు. ఇక్కడ చాలామంది కాళ్లకు నార బంధం వేసుకుని, చెట్టును చేతులతో కావలించుకుని, కప్పలాగా కాళ్లు ముడిచి చాచి పైకి పోతారు.

మరి రోజుకు రెండుసార్లు ఎక్కేవాళ్లు ఉండగా మనకు వారానికి రెండు రోజులే ఏమిటి? నన్నీ మాట చాలామంది అడిగారు, అడగవలసిన మాటే.

చెట్టు ఎక్కేవాడి బరువు ఎక్కడ పడుతుందో గమనించండి. పాదాల మీద, తొడల మీద, ముంజేతుల లోపలి వైపు, రొమ్ము మీద. ఆ కండరాలు పెద్దవి, వాటికి రక్తం బాగా అందుతుంది, రాత్రి నిద్రతో చాలా వరకు తేరుకుంటాయి. చిన్నప్పటి నుంచి అలవాటైన శరీరం వాళ్లది. రాక్ క్లైంబింగ్‌లో, అందులోనూ నిటారు గోడ మీద, బరువులో పెద్ద వాటా వేళ్ల కొసలకు వస్తుంది. అరంగుళం మందం ఉన్న రాతి అంచును నాలుగు వేళ్ల చివరి కణుపులతో పట్టుకుని మనిషి వేలాడతాడు. తాటిచెట్టు ఎక్కేవాడు ఆ పని చేయడు. ఇద్దరూ ఎక్కుతున్నారు, అంతే. అరిగేది వేరు.

అలాగని పనైయేరుల శరీరం అరగదనుకునేరు. రొమ్ము మీద కాయలు కాస్తాయి, మోకాళ్లు, నడుము పోతాయి, జారిపడి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లూ కాళ్లు పోగొట్టుకున్నవాళ్లూ ఎందరో. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య పేరుతో గీత కార్మికులకు రక్షణ కవచాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అందులో ఉన్న నడుం పట్టీ, తాడు పద్ధతి కొండలెక్కేవాళ్లు వాడే రకానివే. సరదాకి ఎక్కేవాళ్ల కోసం పుట్టిన పరికరం బతుకు కోసం ఎక్కేవాళ్ల దగ్గరకు చేరడానికి ఇంత కాలం ఎందుకు పట్టిందో నాకు అర్థం కాదు. మన దక్షిణ జిల్లాల్లో ఇప్పటికీ చాలామందికి ఆ పట్టీ లేదు.

వేళ్ల దగ్గరికి వద్దాం. అసలు కథంతా అక్కడే ఉంది.

మీ చూపుడు వేలిని ఒకసారి ముడవండి. ముడిచింది వేలే అయినా, ముడిచిన కండరం వేల్లో లేదు. ముంజేతిలో ఉంది. అక్కడి నుంచి సన్నని తాడులాంటి స్నాయువు, డాక్టర్లు టెండన్ అంటారు, మణికట్టు దాటి, అరచేయి దాటి వేలి కొస దాకా పోతుంది. ఆ తాడు ఎముకను విడిచి లేవకుండా వేలి పొడుగునా చిన్న చిన్న కట్లు ఉంటాయి. వాటిని పుల్లీలు అంటారు. వేలి మొదటి కణుపు దగ్గర, ఉంగరం పెట్టుకునే చోట ఉన్న కట్టు పేరు ఏ2. రాళ్లెక్కేవాళ్లకు వేళ్లలో తగిలే దెబ్బల్లో ఎక్కువగా తెగేది ఇదే. వేళ్లను మడిచి, బొటనవేలిని చూపుడు వేలి మీద వేసి చిన్న అంచును బిగించి పట్టినప్పుడు ఈ కట్టు మీద పడే ఒత్తిడి, వేళ్లు చాచి పట్టినప్పటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. తెగితే కొందరికి టప్ మని చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి ఇంట్లో కూర్చోవాలి.

కండరానికీ స్నాయువుకూ తేరుకునే వేగంలో చాలా తేడా. కండరం కొన్ని వారాల్లో బలపడి కనిపిస్తుంది. స్నాయువుకు రక్తం తక్కువగా అందుతుంది, అందుకే అది గట్టిపడటానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు. కొత్తగా మొదలుపెట్టిన కుర్రవాడికి మూడో నెల వచ్చేసరికి చేతుల్లో బలం వచ్చేస్తుంది, నిన్నటిదాకా అందని అంచు ఇవాళ అందుతుంది. ప్రమాదం సరిగ్గా అప్పుడే. కండరం లాగగలిగినంత స్నాయువు మోయలేదు.

వ్యాయామం తర్వాత స్నాయువులో ఏం జరుగుతుందన్న దాని మీద డెన్మార్క్ పరిశోధకులు 2010లో ఒక సమీక్ష ప్రచురించారు. స్నాయువు చాలా వరకు కొలాజెన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. గట్టి శ్రమ తర్వాత ఆ కొలాజెన్ విరగడమూ పెరుగుతుంది, కొత్తది తయారవడమూ పెరుగుతుంది. అయితే మొదటి 24 నుంచి 36 గంటల్లో విరిగేది ఎక్కువ, తయారయ్యేది తక్కువ. ఆ తర్వాత లెక్క తిరగబడి 72 గంటల దాకా లాభం వైపు నడుస్తుంది. అంటే ఆదివారం పొద్దున గట్టిగా ఎక్కినవాడు సోమవారం పొద్దున మళ్లీ ఎక్కితే ఖాతాలో అప్పు ఉండగానే ఇంకో అప్పు చేసినట్టు. మంగళవారం సాయంత్రమో బుధవారమో ఎక్కితే కొత్తగా చేరింది కొంత ఉంటుంది. రెండు రాత్రులు గడవాలని ముందే చెప్పింది ఇందుకే.

ఇంకో పక్క వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో కీత్ బార్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. స్నాయువు కణాలు పది నిమిషాల పాటు తేలికపాటి ఒత్తిడికి బాగా స్పందిస్తాయని, ఆ తర్వాత ఎంత లాగినా కొత్తగా స్పందన ఉండదని, సుమారు ఆరు గంటలు ఆగితే మళ్లీ స్పందిస్తాయని ఆయన బృందం పని చెబుతోంది. దీన్ని పట్టుకుని కొందరు రోజూ రెండు పూటలా, కాళ్లు నేల మీదే ఉంచి, వేళ్ల మీద కొద్దిపాటి బరువు మాత్రమే వేసి పది నిమిషాలు సాధన చేస్తున్నారు. దానికి నాకు అభ్యంతరం లేదు. తలుపు చట్రం మీది అంచు చాలు, కాళ్లు నేల విడవకూడదు. అయితే దీన్ని బండ ఎక్కిన రోజుగా లెక్క వేయకండి, బండ ఎక్కడానికి సాకుగా కూడా వాడకండి. తేలిక పని రోజూ చేయవచ్చు, గట్టి పనికి ఎడం కావాలి. రెండు పరిశోధనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇదీ.

జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ గ్యులిష్ అనే గొప్ప క్లైంబర్ ఉండేవాడు. 1988లో న్యూరెంబర్గ్‌లోని ఒక వ్యాయామశాలలో చెక్క పట్టీలు మెట్లలాగా బిగించిన పలకను తయారుచేయించుకుని, కాళ్లు గాల్లో వదిలి వేళ్లతోనే ఒక్కో పట్టీ మీదికి ఎగిరేవాడు. ఆ సాధనతోనే 1991లో ఫ్రాంకెన్‌జూరాలో యాక్షన్ డైరెక్ట్ అనే దారిని ఎక్కాడు. అప్పటికి ప్రపంచంలో అంత కష్టమైన దారిని ఎవరూ ఎక్కలేదు. ఇప్పుడా పలక పేరు క్యాంపస్ బోర్డు. నగరాల్లో ఏ క్లైంబింగ్ జిమ్‌కు వెళ్లినా ఓ మూల ఉంటుంది. వారం క్రితం చేరినవాడు కూడా సెల్‌ఫోన్ వీడియో కోసం దానికి వేలాడుతుంటాడు. అది ఏళ్ల తరబడి ఎక్కి ఎక్కి రాటుదేలిన వేళ్ల కోసం పుట్టిన పనిముట్టు.

పిల్లల తల్లిదండ్రులు ఇక్కడ కాస్త శ్రద్ధగా వినాలి. పదమూడు, పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో వేలి ఎముకల కొసల దగ్గర ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది. ఆ పెరిగే చోటు మెత్తన. పెద్దవాళ్లకు స్నాయువు కట్టు తెగే చోట పిల్లలకు ఎముకే చిట్లుతుంది. వేలి మధ్య కణుపు వాచి, నొక్కితే నొప్పి ఉంటే బెణికిందని నూనె రాసి ఊరుకోకండి, ఎక్స్‌రే తీయించండి. పెరుగుదల ఆగేదాకా పిల్లలు క్యాంపస్ బోర్డు ముట్టకూడదు. వారానికి రెండు రోజులు ఎక్కనివ్వండి, మిగతా రోజుల్లో హాకీ ఆడనివ్వండి. మన ఊళ్లో హాకీకి కొరతా?

సరే, ఎక్కడ ఎక్కాలి?

కోవిల్‌పట్టికి పడమర ఇరవై కిలోమీటర్ల దూరంలో కళుగుమలై ఉంది. ఆ బండను చూస్తే ఎక్కేవాడి ప్రాణం లాగుతుంది, నేను కాదనను. కానీ అక్కడ ఎక్కకూడదు. 8వ శతాబ్దంలో, పాండ్యుల కాలంలో, ఆ కొండను పై నుంచి కిందికి తొలిచి వెట్టువాన్ కోవిల్ చెక్కారు. ఎల్లోరా కైలాసం తొలిచిన పద్ధతే. శిఖరం పూర్తయింది, కింది భాగం పూర్తి కాకుండానే ఆగిపోయింది. అదే కొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలు వరుసలు తీరి ఉన్నాయి. కింద కొండను తొలిచిన మురుగన్ గుడి. చేతులకు చాక్ పొడి పూసుకుని అంచులు వెతుక్కుంటూ పాకవలసిన చోటు కాదది. పొడి మరకలు రాతి మీద ఏళ్ల తరబడి ఉండిపోతాయి, తాడు తగిలించే బోల్టు కోసం వేసిన కన్నం ఎన్నటికీ పూడదు. పన్నెండు వందల ఏళ్ల క్రితం ఉలి పట్టుకుని ఆ బండకు వేలాడినవాళ్లు వారానికి ఎన్ని రోజులు పనిచేసేవారో అనిపిస్తుంది నాకు అక్కడ నిలబడ్డప్పుడల్లా. వాళ్ల మణికట్ల గతేమిటో!

మదురై చుట్టుపక్కల కొండల సంగతీ ఇంతే. యానైమలై మీద జైన శిల్పాలు, అరిట్టాపట్టిలో రాతి గుడి, శాసనాలు. అరిట్టాపట్టిని 2022లో తమిళనాడులో మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ ఊళ్లవాళ్లు తమ బండల కోసం క్వారీలతో, గనులతో ఎన్నో ఏళ్లు పోరాడారు. బండ మీద ఎవడో తాడు కడుతుంటే వాళ్లకు అనుమానం రావడం సహజం. గుడి, శిల్పం, శాసనం లేని గుట్ట చూసుకుని, ఊరి పెద్దలను, అవసరమైతే అటవీ శాఖను అడిగాకే తాడు బయటికి తీయాలి. పెద్ద తేనెపట్లు ఉన్న బండ జోలికి అసలు పోవద్దు. తాడు మీద వేలాడుతున్నప్పుడు కొండ తేనెటీగలు లేస్తే పరిగెత్తడానికి చోటుండదు.

నేర్చుకోవడానికైతే తెలుగువాళ్లకు మంచి చోటు భువనగిరి. హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో ఒంటి బండ మీద ఉన్న కోట అది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద ఆ కొండకు పేరొచ్చింది. అక్కడి రాక్ క్లైంబింగ్ పాఠశాలలో శేఖర్‌బాబు బాచినేపల్లి దగ్గర ఓనమాలు దిద్దుకున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు ఇంకా నిండలేదు. భువనగిరిలో శిబిరాలు వరుసగా కొన్ని రోజులు జరుగుతాయి, రోజూ ఎక్కిస్తారు. మరి నా రెండు రోజుల లెక్క ఏమైందంటారా? ఆ బండ చాలా వరకు ఏటవాలు. ఏటవాలు బండ మీద వేళ్ల పని తక్కువ, పాదాల పని ఎక్కువ. అరికాలిని రాతికి ఆనించి, మడమ దించి, నడుం బండకు దూరంగా ఉంచి నిలబడటమే సగం విద్య. శిబిరంలో సగం సమయం ముడులు వేయడం, తాడు పట్టడం, తాడు మీద దిగడం నేర్చుకోవడానికే పోతుంది. అందువల్ల వరుస రోజులు శరీరం తట్టుకుంటుంది.

ఇందులో మన కరిసల్ సీమవాళ్లకు ఓ వెసులుబాటు ఉంది. మన గుట్టలు కూడా ఎక్కువగా గుండ్రటి, ఏటవాలు బండలే. పాదం నమ్ముకుని ఎక్కే రకం. ఎట్టయపురం పక్కన జమీన్ కోడంగిపట్టిలో మన కంబళత్తు నాయకర్లు దేవదుందుభి చప్పుడుకు దేవరాట్టం ఆడుతుంటే చూశారా? ఆ పిక్కలు, ఆ చీలమండలు చూసి ఏ శిక్షకుడైనా అసూయపడతాడు. అలాంటి కాళ్లున్నవాళ్లు ఏటవాలు బండ మీద వారానికి మూడు రోజులు ఎక్కినా నేను పెద్దగా కంగారుపడను. బాదామి ఎర్రరాతి గోడల మీద, హంపీ గుండ్ల మీద అయితే రెండే. అక్కడ పని వేళ్లది. హంపీలో ఇంకో చిక్కుంది, గరుకు గ్రానైట్ మీద రెండో రోజుకే వేలికొసల చర్మం అరిగి గులాబీ రంగు తేలుతుంది. చర్మం తిరిగి రావడానికీ రెండు మూడు రోజులు కావాలి.

నిలువుగా ఎక్కడం, నడిచి కొండ చేరడం వేరు వేరు పనులని కూడా గుర్తుంచుకోవాలి. విరుదునగర్ జిల్లాలో తానిపారై నుంచి సదురగిరి ఎక్కే భక్తులు చాలా ఏళ్లు అమావాస్య, పౌర్ణమి, ప్రదోషాల చుట్టూ మాత్రమే ఎక్కేవారు, అటవీ శాఖ అనుమతి ఆ రోజులకే ఉండేది. ఆడి అమావాస్యకు ఇసుక వేస్తే రాలనంత జనం. అది నెలకు రెండు మూడు సార్ల లెక్క, తిథుల లెక్క. వారానికో సెలవనే లెక్క మనకు కార్ఖానాలతో వచ్చింది. నడకకు వేళ్లతో పని లేదు కనుక బండ ఎక్కని రోజుల్లో కదిరేశన్ కొండ మెట్లు రోజూ ఎక్కి దిగండి, ఊపిరికి మంచిది, వేళ్లకు విశ్రాంతి.

ఇక్కడ ఎక్కువమంది మరిచిపోయే విషయం ఒకటి చెబుతాను. వారం లెక్క వేసేటప్పుడు మీ ఉద్యోగం కూడా అందులో వేయాలి. కోవిల్‌పట్టిలో, సాత్తూరులో, శివకాశిలో అగ్గిపుల్లలు చట్రాల్లో పేర్చే చేతులు, పెట్టెలు అంటించే చేతులు, టపాకాయలు చుట్టే చేతులు రోజంతా వేళ్లతోనే పనిచేస్తాయి. విరుదునగర్ బజారులో మిరపకాయ బస్తాలు, పప్పు బస్తాలు ఎత్తేవాళ్లు సాయంత్రానికి ముంజేతులు బిగుసుకుపోయి ఇంటికెళ్తారు. కంప్యూటర్ ముందు కూర్చునే కుర్రవాడికి రెండు రోజులు సరిపోతే, బస్తాలెత్తే కుర్రవాడికి సెలవు రోజు పొద్దున ఒక్కసారి చాలు. వాడు బలవంతుడే, నిజమే. కానీ వాడి స్నాయువులు సోమవారం నుంచి శనివారం దాకా మోసి ఉన్నాయి. బెంగళూరు నుంచి వచ్చిన అన్న వేసుకున్న పట్టిక ఊళ్లో తమ్ముడికి పనికిరాదు.

ఇక ఎండ. విరుదునగర్ ఎండ గురించి నేను విరుదునగర్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. చిత్తిరై, వైకాశి నెలల్లో బండ పగలంతా కాగి సాయంత్రం ఏడయినా వేడి వదలదు. అందుకే సాయంత్రం చల్లబడ్డాక ఎక్కుదామనే లెక్క ఇక్కడ తప్పుతుంది. రాత్రంతా చల్లారిన బండ దొరికేది తెల్లవారుజామునే. అయిదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికి దిగిపోవాలి. వేళ్లకు చెమట పడితే పట్టు జారుతుంది, జారుతుందని ఇంకా గట్టిగా బిగిస్తాం, ఆ బిగింపే ఏ2 కట్టును తెంపుతుంది. వేసవిలో వారానికి ఒక్కరోజుకు తగ్గించుకుంటే పోయేదేమీ లేదు. అయిప్పసి, కార్తికైలో ఈశాన్య వానలు. తడి బండ మీద పాదం నిలవదు. గ్రానైట్ అయితే ఎండ కాసిన కొన్ని గంటల్లో ఆరిపోతుంది. బాదామి లాంటి ఇసుకరాయి తడిస్తే లోపల మెత్తబడి అంచులే ఊడివస్తాయి, ఆరడానికి రోజులు పడుతుంది. మార్గళి, తై నెలలు మనకు అసలైన కాలం. ఏడాది మొత్తానికి మూడు రోజుల వారాలు వేసుకునేది ఉంటే అప్పుడే వేసుకోండి. మూడింటిలో ఒకటి గట్టిది, ఒకటి మధ్యరకం, ఒకటి ఊరికే కాళ్ల పని నేర్చుకోవడానికి. నాలుగో వారం వచ్చేసరికి అంతా సగానికి తగ్గించాలి.

ఒక్క పూటలో ఎంతసేపు? వేడెక్కడానికి ఇరవై నిమిషాలు కలుపుకుని రెండు గంటలు దాటవద్దు. దెబ్బలు ఎక్కువగా చివరి ప్రయత్నంలో తగులుతాయి. ఇంకొక్కసారి అనిపించినప్పుడు బూట్లు విప్పేయాలి. ఎక్కాక మన కోవిల్‌పట్టి కడలై మిట్టాయి తినండి. వేరుశనగ, బెల్లం, శ్రమ చేసిన ఒంటికి ఇంకేం కావాలి? 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని కాదు, అంతకుముందూ అది మంచిదే. పొట్లం కాగితాలు మాత్రం బండ దగ్గర పారేయకండి.

మర్నాడు పొద్దున లేవగానే ఒక పరీక్ష చేసుకోండి. ఒక్కో వేలి మొదటి కణుపును రెండో చేతి బొటనవేలితో నొక్కండి. నొప్పి లేకపోతే మీ లెక్క సరిగ్గా ఉంది. ఒక చోట సూటిగా నొప్పి ఉంటే పట్టికలో ఏ రోజు రాసి ఉన్నా ఆ రోజు ఎక్కకండి. రెండు వారాలైనా తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎవరో ఒకరు తాడు లేకుండా ఎక్కేవాళ్ల మాట తప్పకుండా ఎత్తుతారు. మన తేని జిల్లా నుంచి వెళ్లిన జ్యోతిరాజు చిత్రదుర్గ కోట గోడలను ఒట్టి చేతులతో ఎక్కుతాడు, వీడియోలు అందరూ చూసే ఉంటారు. అమెరికాలో అలెక్స్ హానాల్డ్ 2017 జూన్ 3న ఎల్ కాపిటాన్ అనే మూడు వేల అడుగుల గోడను తాడు లేకుండా నాలుగు గంటల లోపే ఎక్కాడు. ఆ ఒక్క పొద్దు కోసం హానాల్డ్ ఏడాదికి పైగా అదే దారిని తాడు కట్టుకుని ముక్కలు ముక్కలుగా మళ్లీ మళ్లీ ఎక్కి, ప్రతి అంచునూ కంఠతా పట్టాడు. దాని మీద వచ్చిన సినిమాలో ఆ భాగం చూస్తూ మనవాళ్లు నిద్రపోతారు. ఎత్తయిన బండ మీద తాడు, నడుం పట్టీ, శిరస్త్రాణం, తాడు పట్టడం తెలిసిన మనిషి, ఈ నాలుగూ లేని రోజు వారంలో లెక్కకు రాదు.

చివరగా ఒక విన్నపం. కోవిల్‌పట్టిలో కృత్రిమ పచ్చిక పరిచిన హాకీ మైదానం ఉంది, 2022లో జాతీయ జూనియర్ పురుషుల హాకీ పోటీలు అక్కడే జరిగాయి. క్లైంబింగ్ కూడా ఇప్పుడు ఒలింపిక్ క్రీడే, టోక్యో క్రీడల నుంచి ఆడిస్తున్నారు. ఆ మైదానం పక్కన నాలుగు మీటర్ల ఎత్తు గోడ, కింద మందపాటి పరుపు, ఒక శిక్షకుడు, ఇంతే అడుగుతున్నాను. అది ఉంటే పిల్లలు కళుగుమలై వైపు చూడరు, బస్తాలెత్తే కుర్రవాడికీ ఆడపిల్లలకీ ఇంటి దగ్గరే నేర్చుకునే వీలు దొరుకుతుంది, ఎండాకాలం రాత్రి దీపాల కింద కూడా ఎక్కవచ్చు. చిక్కల్లా ఒక్కటే, గోడ అందుబాటులో ఉంటే రోజూ ఎక్కేస్తారు. రోజూ ఎక్కితే వేళ్లు పాడవుతాయి. అందుకని ఆ గోడకు గేటు పెట్టి, తాళంచెవి హాకీ కోచ్‌లలో కాస్త కోపిష్టి ఆయన చేతికి ఇవ్వాలి. మంగళవారం, శుక్రవారం, ఆదివారం తెరవాలి. మిగతా రోజుల్లో ఎవరు బతిమాలినా, ఎమ్మెల్యేగారి మేనల్లుడు వచ్చి అడిగినా, తెరవకూడదు.